36 ఏళ్ళకు జూడో మొదలుపెడుతున్నాను: పడటం, గీ, తామర, మెడ గురించి కొన్ని సందేహాలు

ప్రశ్న: తెల్లబెల్టు_36

నమస్కారం. వయసు 36, ఎత్తు 172 సెం.మీ., బరువు 81 కిలోలు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న జూడో క్లాసులో వచ్చే నెల చేరుతున్నాను. వారానికి మూడు రోజులు, పొద్దున 6 నుంచి 7.30 దాకా. పోటీల ఆలోచన లేదు, ఏళ్ళ తరబడి చేసుకునే వ్యాపకంగా కావాలి.

పడటం ముందే ఇంట్లో కొంత నేర్చుకుని వెళ్ళొచ్చా? ఇంట్లో ఉన్నవి టైల్స్ నేల, ఒక యోగా మ్యాట్, ఒక దూది పరుపు. గీ, అంటే జూడో డ్రెస్సు, కొందామని చూస్తే 350, 550, 750 అని అంకెలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి, సైజు ఎంత? అంత మందం బట్ట వానాకాలంలో ఎలా ఆరుతుంది? చాపల మీద తామర అంటుకుంటుందని ఇంట్లో భయపడుతున్నారు, చిన్నపిల్లలు ఇద్దరున్నారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్ళాలా, ఏమైనా తినాలా? ఇంకొకటి, నాకు అప్పుడప్పుడు మెడ పట్టేస్తుంది. డాక్టర్ చూసి ఎముకల్లో ఏమీ లేదు, కండరాలేనన్నారు.

తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

జవాబు: ఉకెమి_ముందు

వయసు గురించి బెంగ పెట్టుకోకండి. అంతర్జాతీయ జూడో సమాఖ్య వెటరన్స్ పోటీలు మొదలయ్యేదే 30 ఏళ్ళకు. 35 నుంచి 39 ఏళ్ళ మగవాళ్ళకు ఎం2 అని విడిగా ఒక విభాగమే ఉంది. మీరు బెంగ పెట్టుకోవాల్సింది ఉకెమి గురించి, అంటే పడే పద్ధతి గురించి. మొదటి మూడు నెలలు అదే మీ జూడో అనుకోండి. విసరడం తర్వాత ఎలాగూ వస్తుంది.

ఉకెమిలో అన్నిటికన్నా ముందు కాపాడుకోవాల్సింది తల. జపాన్ బడుల్లో 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాల్లో వందమందికి పైగా పిల్లలు జూడో నేర్చుకుంటూ చనిపోయారు. ఎక్కువ మంది పోయింది తలలో రక్తస్రావం వల్ల. వాళ్ళలో చాలామంది బడిలో కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలు, ఎక్కువగా కనిపించిన పట్టు ఓసోటో గారి, అంటే ఎదుటివాడి కాలిని వెనక నుంచి ఊడ్చి వెల్లకిలా పడేసే పట్టు. భయపెట్టడానికి చెప్పడం లేదు. వెనక్కి పడేటప్పుడు గడ్డం లోపలికి పెట్టుకోవడం శరీరానికి అలవాటయ్యేదాకా ఎవరూ మిమ్మల్ని ఓసోటో గారితో విసరకూడదు. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఇంట్లో చేయదగింది ఒక్కటే, వెనక్కి పడే ఉకెమిలో మొదటి మెట్టు. యోగా మ్యాట్ ఒక్కటే అయితే టైల్స్ మీద చాలదు. కింద రెండు మూడు మడతల జంపఖానా వేసి, దాని మీద మ్యాట్ వేసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. గడ్డం ఛాతీకి దగ్గరగా తెచ్చి, తల నేల నుంచి రెండు వేళ్ళంత పైకి లేపి, చూపు బెల్టు ముడి ఉండే చోట నిలపండి. చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, అక్కడి నుంచి రెండు పక్కలా ఒకేసారి నేలను చరచండి. అరచేయి నుంచి మోచేతి దాకా మొత్తం ఒకేసారి తగలాలి. చరిచిన వెంటనే చేయి వెనక్కి రావాలి, నేలకు అతుక్కుపోకూడదు. చరిచేటప్పుడు ఊపిరి వదలండి. పది సార్లు చేసి తల దించి విశ్రాంతి తీసుకోండి, ఇలా మూడు విడతలు. మూడో విడతకు మెడ ముందు భాగం వణుకుతుంది. అసలు పని జరుగుతున్నది ఆ కండరాల్లోనే.

చేతులకూ ఒంటికీ మధ్య 30 నుంచి 45 డిగ్రీల సందు ఉండాలి. చేతులు భుజాల వరుసలోకి వెళ్ళిపోతే దెబ్బ భుజం కీలులోకి పోతుంది. మరీ ఒంటికి దగ్గరైతే చేయి నడుము కింద ఇరుక్కుంటుంది. కొత్తవాళ్ళు తరచూ చేసే రెండు తప్పులు ఇవే. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: పడిపోతున్నప్పుడు అరచేయి వెనక్కి ఆనించి ఆపుకోవాలని చూడటం. మణికట్టు, మోచేయి, కాలర్ బోన్ విరిగేది ఎక్కువగా ఇలాగే.

దూది పరుపు మీద సాధన వద్దు. మెత్తగా దిగిపోతుంది కాబట్టి తల వెనక్కి వాలినా తెలియదు, ఆ తప్పే అలవాటైపోతుంది. కూర్చుని పడటం, గొంతుకు కూర్చుని పడటం, నిలబడి పడటం ఇవన్నీ క్లాసులో చాప మీదే, ఆ వరుసలోనే చేయండి. ముందుకు దొర్లే ఉకెమి మాత్రం గురువు పక్కన లేకుండా అసలు ముట్టుకోవద్దు. అందులో దొర్లే దారి కుడి చేతి చిటికెన వేలు అంచు నుంచి మోచేయి, కుడి భుజం వెనక భాగం, వీపు మీదుగా ఏటవాలుగా ఎడమ పిర్ర దాకా. తల నేలకు తగలనే తగలదు. పిల్లల పిల్లిమొగ్గ అలవాటున్న పెద్దవాళ్ళు నడినెత్తి మీదుగా దొర్లుతారు, మెడ పట్టేది అక్కడే.

పక్కకు పడేటప్పుడు ఇంకో జాగ్రత్త: రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి పడకూడదు. పడితే చీలమండ ఎముకలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, వారం రోజులు కుంటాలి. కాళ్ళ మధ్య భుజాల వెడల్పంత సందు ఉంచి, కింది కాలు బయటి అంచు మీద, పై కాలు అరికాలు మీద దిగేలా చూసుకోండి.

చేరేముందు క్లాసుకు ఒకసారి వెళ్ళి చాపలు చూసి రండి. జూడోను రూపొందించిన జిగోరో కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి గుడిలో కొడోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టినప్పుడు 12 గడ్డి తతామీల, అంటే చాపల, గది ఉండేది. ఇప్పటి జూడో తతామీలో లోపల గట్టిగా నొక్కిన ఫోమ్, పైన వినైల్, మందం 4 సెం.మీ. ఉంటాయి. సిమెంటు నేల మీద 2 సెం.మీ. పజిల్ ఫోమ్ పలకలు పరిచి విసరడం నేర్పే చోట చేరకండి. కరాటేకు సరిపోవచ్చు, జూడోకు చాలదు. చాపల మధ్య సందుల్లో కాలి బొటనవేలు పడుతుందా, స్తంభాలకు ప్యాడ్లు కట్టారా, కొత్తవాళ్ళను మొదటి రోజే బరువైనవాళ్ళతో రాండోరిలోకి, అంటే ఎదురెదురుగా తలపడే సాధనలోకి, దింపుతున్నారా అన్నది గమనించండి. చివరిది జరుగుతుంటే వేరే క్లాసు వెతుక్కోండి.

జవాబు: గట్టిపట్టు

గీ సంగతి నేను చెప్తాను. ఆ అంకెలు చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెప్పేవి. 350 పిల్లలకు, మొదటి నెలలకు సరిపోతుంది, తేలిగ్గా ఆరుతుంది. కానీ పెద్దవాళ్ళ పట్టుకు చంక దగ్గర, కాలర్ అతుకు దగ్గర త్వరగా చిరుగుతుంది. 750 పోటీలవాళ్ళది. కాలర్ గట్టిగా, మందంగా ఉండి ఎదుటివాడి పట్టుకు సులువుగా దొరకదు. మన ఎండల్లో, ఏసీ లేని హాల్లో దాన్ని వేసుకుని గంటన్నర చేయడం కొత్తవాళ్ళకు కష్టం. మీకు 550 సరైనది. పోటీలకు వెళ్ళరు కాబట్టి సమాఖ్య ఎర్ర ముద్ర ఉన్నదే కావాలని ఎక్కువ పెట్టనక్కర్లేదు.

సైజులు ఎత్తును బట్టి సెంటీమీటర్లలో ఉంటాయి, చాలా కంపెనీలవి 10 చొప్పున పెరుగుతాయి: 160, 170, 180. మీరు 172 కాబట్టి 170, 180 మధ్య పడ్డారు. అమ్మేవాళ్ళను అడగాల్సింది ఒకటే, ముందే కుదించిన బట్టా కాదా అని. కుదించనిదైతే 180 తీసుకోండి. మొదటి రెండు మూడు ఉతుకుల్లో చేతులు, పాంటు పొడవు కొన్ని సెంటీమీటర్లు తగ్గి సరిపోతుంది. ముందే కుదించినదైతే 170 వేసి చూసి తీసుకోండి. 81 కిలోలంటున్నారు కాబట్టి పొట్ట దగ్గర కోటు ఎంత దాకా వస్తుందో చూడండి. ఎడమ అంచు కుడి అంచు మీదుగా కనీసం 20 సెం.మీ. దాటి రావాలి. లేకపోతే రెండు పట్లకే ఊడిపోతుంది. చేతులు ముందుకు చాచినప్పుడు అంచు మణికట్టు దాకా రావాలన్నది పోటీ నిబంధన. క్లాసులో రెండు మూడు సెంటీమీటర్లు తక్కువైనా ఎవరూ అనరు. మరీ పొట్టి చేతుల గీ మాత్రం వద్దు, ఎదుటివాళ్ళకు పట్టే దొరకదు, వాళ్ళ సాధన పాడవుతుంది.

కోటు ఎప్పుడూ ఎడమ అంచు పైకి, కుడిది లోపలికి. ఆడ మగ అందరికీ ఇంతే. బెల్టు కట్టే పద్ధతి: మధ్య భాగం బొడ్డు కింద పెట్టి, రెండు కొసలూ వెనక ఒకదాని మీద ఒకటి దాటించి ముందుకు తెండి. కొసలు సమానంగా ఉన్నాయా చూసుకోండి. పైకొచ్చిన ఎడమ కొసను రెండు పొరల కింద నుంచి పైకి లాగి బిగించండి. ఆ రెండు కొసలతో ముందు ఒక చదునైన ముడి వేయండి. రెండు పొరల కింద నుంచి తీయడం మర్చిపోతే ముడి ఎంత బిగించినా బెల్టు జారుతుంది. ముడి తర్వాత కొసలు ఒక్కోటి 20 నుంచి 30 సెం.మీ. వేలాడాలి.

ఉతకడం: ప్రతి క్లాసు తర్వాత, ఒక్కటి కూడా వదలకుండా. బ్యాగులో, బండి డిక్కీలో తడి గీ సాయంత్రం దాకా ఉంటే ఆ వాసన ఇక వదలదు. ఇంటికి రాగానే బకెట్ చన్నీళ్ళలో ముంచి, మామూలు డిటర్జెంట్‌తో మెషీన్‌లో వేయండి. బ్లీచ్ పోయకండి, నూలు పోగులు బలహీనపడి కాలర్ దగ్గర పిగులుతుంది. వేడినీళ్ళు, డ్రయ్యర్ కూడా వద్దు, కుదించుకుపోతుంది. వాసన పట్టిన గీకి బకెట్ నీళ్ళలో అరకప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి ఉతకండి. వెనిగర్‌ను బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఆరేయడం: స్పిన్ రెండుసార్లు తిప్పండి. సన్నటి తీగ మీద వేస్తే మడత దగ్గర తడి నిలుస్తుంది. రెండు చేతుల్లోంచి ఒక పీవీసీ పైపు గానీ వెదురు గానీ దూర్చి వేలాడదీయండి. లోపలి వైపు బయటికి తిప్పి, కాలర్ విప్పార్చి, ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టండి. అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేది కాలర్, అందులో ఎన్నో పొరల బట్ట ఉంటుంది. చేత్తో నొక్కి చూసి చల్లగా అనిపిస్తే ఇంకా ఆరలేదన్నట్టే. వారానికి మూడు రోజులు వెళ్తే వానాకాలంలో రెండు గీలు తప్పవు. రెండోది 350దైనా ఫర్వాలేదు.

బెల్టు కూడా ఉతకండి. ఉతికితే నేర్చుకున్నది పోతుందనే మాట కొన్ని క్లాసుల్లో వినిపిస్తుంది. బెల్టు రోజూ చాప మీద రుద్దుకుంటుంది, మీ చెమటా ఎదుటివాళ్ళ చెమటా పీలుస్తుంది. మొదటిసారి రంగు దిగుతుంది కాబట్టి గీతో కలిపి వేయకండి.

జవాబు: చాప_శుభ్రం

తామర భయం నిజమైనదే, ఇంట్లోవాళ్ళను తీసిపారేయకండి. మన దేశంలో ఇప్పుడు తామర మొండిగా మారింది. మామూలు మందుకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ బాగా వ్యాపించింది. దానికి తోడు మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. క్లోబెటాసాల్, బెటామెథాసోన్ అని ట్యూబు మీద రాసి ఉంటే అదే. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మచ్చ పాలిపోతుంది, తగ్గిందనుకుంటారు. లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మానేయగానే మచ్చలు ముందుకన్నా పెద్దవై తిరిగొస్తాయి. కాబట్టి గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా పొట్టు రేగి ఉండి మధ్యలో తేరినట్టు కనిపిస్తే, సొంతంగా ఏమీ రాయకుండా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వైద్యం రోజుల్లో కాదు, వారాల్లో నడుస్తుంది. మచ్చ కనిపించకుండా పోయాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్ళు వాడాలి. డాక్టర్ సరేననేదాకా చాప ఎక్కకండి. బట్ట కట్టి కప్పుకుని చేయడం ఎదుటివాళ్ళకు ద్రోహం.

రాకుండా చేయాల్సినవి తేలికే. క్లాసు అయిన గంటలోపు సబ్బుతో స్నానం చేయండి. రోజూ యాంటీసెప్టిక్ సబ్బు అక్కర్లేదు, చర్మం ఎండిపోయి పగిలితే అదే క్రిములకు దారి. వేళ్ళ సందులు, గజ్జలు, చంకలు పొడిగా తుడుచుకోండి. మీ తువాలు మీకే, పిల్లలకు ఇవ్వకండి. గీని పిల్లల బట్టలతో కలిపి బుట్టలో వేయకండి. క్లాసు నుంచి వచ్చి స్నానం చేసేదాకా పిల్లల్ని ఎత్తుకోకండి. కష్టమైన నియమమే, వాళ్ళు పరుగెత్తుకుంటూ వస్తారు. గోళ్ళు వారానికి రెండుసార్లు కత్తిరించి అంచులు నున్నగా అరగదీయండి. జూడోలో చర్మం గీరుకుపోయేది ఎక్కువగా గోళ్ళ వల్లే, గీరుకున్న చోటే సెగ్గడ్డలు మొదలవుతాయి. తామర వచ్చి తగ్గే రోజుల్లో మాత్రం గీ కుదించుకున్నా సరే అనుకుని 60 డిగ్రీల నీళ్ళలో ఉతికి ఎండలో వేయండి.

చెప్పుల విషయంలో క్లాసు పద్ధతి ఎలా ఉందో చూడండి. చాప దిగిన ప్రతిసారీ చెప్పులు వేసుకోవాలి, ఎక్కేముందు విప్పాలి. ఉత్త కాళ్ళతో బాత్రూమ్‌కు వెళ్ళి అదే కాళ్ళతో చాప ఎక్కే చోట ఎంత మంచి గురువున్నా చర్మం దక్కదు.

చాపలు తుడిచే పద్ధతి తెలిసి ఉంటే క్లాసులో మీరూ సాయం చేయొచ్చు. ముందు ఊడ్చి, సబ్బు నీళ్ళతో తుడవాలి. మురికి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత లీటరు నీళ్ళకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 10 మి.లీ. కలిపి, చాప 10 నిమిషాలు తడిగా ఉండేలా తుడవాలి. ఆ తర్వాత మంచినీళ్ళ గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే వినైల్ పెళుసెక్కుతుంది. ఆ నీళ్ళు ఏ రోజుకారోజు కలుపుకోవాలి. టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్ ఏదీ దాంట్లో పడకూడదు. వాసన కోసం ఫినాయిల్ వేసి వదిలేస్తే చాప జారుతుంది.

జవాబు: ఫిజియో_దారి

మెడ సంగతి. ఎముకల్లో ఏమీ లేదన్నారు కాబట్టి మొదలుపెట్టొచ్చు. చేతుల్లోకి తిమ్మిరి దిగినా, పట్టు బలం తగ్గినా, తల తిప్పితే కళ్ళు తిరిగినా ఆపి మళ్ళీ చూపించుకోండి. చేరే ముందు ఈ నెల రోజులు రోజుకు ఐదు నిమిషాలు ఇది చేయండి: అరచేయి నుదుటికి ఆనించి తలను ముందుకు నెట్టండి, తల కదలకూడదు. 10 సెకన్లు ఉంచి వదలండి. వెనకకు, రెండు పక్కలకు కూడా అంతే. ఒక్కో వైపు మూడుసార్లు. బలం సగమే వాడండి, ఊపిరి బిగబట్టకండి. రెజ్లింగ్ వాళ్ళలా తల మీద వంతెన వేయడం ఇప్పుడే వద్దు.

కుర్చీ ఉద్యోగం వాళ్ళకు మెడకన్నా ముందు ఇబ్బంది పెట్టేవి తుంటి, చీలమండ. గొంతుకు కూర్చుంటే మడమలు నేలకు ఆనతాయా చూసుకోండి. ఆనకపోతే నడుము పట్టులు వేసేటప్పుడు మోకాళ్ళు వంగవు, నడుముతోనే ఎత్తేస్తారు, అక్కడ పట్టేస్తుంది. రోజూ రెండు నిమిషాలు తలుపు చట్రం పట్టుకుని గొంతుకు కూర్చోవడం చాలు.

మొదటి ఎనిమిది వారాలు మూడు రోజులు కాదు, రెండే వెళ్ళండి. కండరాల నొప్పి క్లాసైన మరునాడు మొదలై రెండో రోజు ముదురుతుంది, మూడో రోజుకు తగ్గుతుంది. సోమవారం నొప్పి తగ్గకముందే బుధవారం పడితే ఉకెమి సరిగా రాదు, గడ్డం జారిపోతుంది.

తిండి: ఆరు గంటల క్లాసుకు ఐదుంబావుకు ఒక అరటిపండు, గ్లాసు నీళ్ళు. మరీ ఖాళీ కడుపుతో వెళ్తే నేల పట్టుల్లో పొట్ట మీద బరువు పడినప్పుడు కళ్ళు తిరుగుతాయి. ఇడ్లీ, ఉప్మా అన్నీ తర్వాతే. ఎండాకాలంలో క్లాసుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్ళు పోయినట్టు. అవి తిరిగి తాగడానికి ఉప్పు మజ్జిగ చక్కగా పనికొస్తుంది. రక్తపోటు మందులు వాడేవాళ్ళయితే డాక్టర్‌కు జూడో అని పేరు పెట్టి చెప్పండి, వ్యాయామం అని మాత్రమే చెప్తే నడక అనుకుంటారు.

తలకు దెబ్బ తగిలిన రోజు మళ్ళీ చాప ఎక్కకూడదు, బాగానే ఉందనిపించినా సరే. తలనొప్పి పెరగడం, వాంతి, మగతగా ఉండటం, మాట తడబడటం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే. చెవి నలిగి ఉబ్బితే ఒకటి రెండు రోజుల్లోనే చెవి డాక్టర్ దగ్గర లోపలి రక్తం తీయించుకోవాలి. ఆలస్యమైతే గట్టిపడి ఆకారం మారిపోతుంది.

తెల్లబెల్టు_36:

అందరికీ చాలా థాంక్సండీ. 550 గీ, రెండు రోజులతో మొదలుపెడతాను. ఇంకో రెండు అడగాలి. రాండోరి ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరితో? నా భార్య కూడా చేరతానంటోంది. తాళి, మెట్టెలు, జడ వీటితో ఎలాగో ఆడవాళ్ళెవరైనా చెప్తే బాగుంటుంది.

జవాబు: ఉకెమి_ముందు

రాండోరికి నెలల లెక్క కన్నా గురుతు ఒకటుంది. ఎవరైనా చెప్పకుండా మెల్లగా విసిరినా ఆలోచించకుండానే గడ్డం లోపలికి, చేయి చాప మీదికి వెళ్తున్నాయంటే సిద్ధంగా ఉన్నట్టు. వారానికి రెండు రోజులైతే సాధారణంగా మూడు నాలుగు నెలలు పడుతుంది. నేల మీది రాండోరి, అంటే నే-వాజా, అంతకన్నా ముందే మొదలుపెట్టొచ్చు, పడటం ఉండదు కాబట్టి. కెసా గతామే, యోకో షిహో గతామే, కామి షిహో గతామే ఈ మూడు అదిమిపట్టే పట్లు, వాటిలోంచి బయటపడే దారులు నేర్చుకుంటే రెండు నెలలకు సరిపడా పని.

మెడ పట్లు మొదలయ్యాక చరిచి ఆపడం ఆలస్యం చేయకండి. రెండుసార్లు ఎదుటివాళ్ళ ఒంటి మీద గట్టిగా చరచాలి. చేతులు ఇరుక్కుంటే కాలితో చాప మీద, లేదా నోటితో 'మైత్తా' (ఓడాను) అనాలి. మెడ రక్తనాళాల మీద పట్టు సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది, ఇంకాసేపు ఓర్చుకుందాం అనుకునే వ్యవధి ఉండదు.

నిలబడి చేసే రాండోరి మొదట మీకన్నా బాగా తెలిసినవాళ్ళతో, మీ బరువుకు దగ్గరివాళ్ళతో చేయండి. మీలాంటి కొత్తవాళ్ళతోనే అసలు ప్రమాదం. ఇద్దరూ చేతులు కర్రల్లా బిగించి నెట్టుకుంటారు, ఒకరి మీద ఒకరు పడతారు. మోచేతులు వంచి ఉంచండి. మీ ఎడమ చేయి ఎదుటివాళ్ళ కుడి చేతి గుడ్డను మోచేయి కింద, కుడి చేయి కాలర్‌ను కాలర్ బోన్ ఎత్తున పట్టుకోవాలి. చిటికెన, ఉంగరం, మధ్య వేళ్ళతో గట్టిగా, బొటన చూపుడు వేళ్ళతో వదులుగా. అయిదు వేళ్ళూ బిగిస్తే మూడు నిమిషాలకే ముంజేతులు పట్టేస్తాయి. ఎదుటివాళ్ళు బలంగా పట్టు విడిపించుకుంటుంటే వదిలేయండి, వేళ్ళు మెలిపడేది వదలనప్పుడే. నొప్పి ఉన్న వేలికి 1.25 సెం.మీ. వెడల్పు జింక్ ఆక్సైడ్ టేపు కీలుకు పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు వేసి, అరచేతి వైపు కీలు మీదుగా ఎక్స్ ఆకారంలో దాటించండి. వేలి కొస నీలంగా మారితే బిగువెక్కువైంది, విప్పి మళ్ళీ కట్టండి.

తాని ఓతోషి అనే పట్టు గురించి మాత్రం ముందే గురువుతో మాట్లాడుకోండి. పక్కగా జారి కూర్చుంటూ ఎదుటివాళ్ళను వెనక్కి లాగే పట్టు అది. వేసేవాళ్ళు సరిగ్గా వెనక్కి వెళ్ళకుండా మోకాలి మీద పడితే లోపలి లిగమెంట్లు తెగుతాయి. సగం తెలిసినవాళ్ళు ఎదుటివాళ్ళ పట్టును ఆపడానికి అలవాటుగా ఇదే వేస్తారు. మొదటి ఏడాది 'నా మీద తాని ఓతోషి వద్దండీ' అని రాండోరికి ముందు వంగి నమస్కరించేటప్పుడే చెప్పేయండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

జవాబు: సాగరతీరం

మీ ఆవిడ చేరుతున్నందుకు సంతోషం. లోహం ఏదీ చాప మీదికి రాకూడదు, అది అందరికీ ఒకటే నియమం: తాళి గొలుసు, గాజులు, కమ్మలు, ముక్కుపుడక, మెట్టెలు, మగవాళ్ళ ఉంగరం, కడియం, వెండి మొలతాడు. గొలుసు గీ కింద ఉంటే ఎవరికీ తగలదనుకుంటారు. ఎదుటివాళ్ళ వేళ్ళు కాలర్‌తోపాటు గొలుసునూ పట్టుకుంటాయి, మెడ కోసుకుంటుంది లేదా గొలుసు తెగుతుంది. తాళిని ఇంట్లో వదిలి రావడం మనసుకు ఒప్పకపోతే చాలామంది చేసేది ఒకటుంది: క్లాసు గంటన్నరకు పసుపుతాడు కూడా విప్పి, పసుపు కొమ్ముతో సహా చిన్న డబ్బాలో పెట్టి బ్యాగులో భద్రం చేసుకుంటారు. ముడి వేసి ఉంటే మళ్ళీ కట్టడం కష్టం కాబట్టి, ముందే హుక్ పెట్టించుకుంటే పని సులువు. మెట్టెల మీద టేపు చుట్టి సరిపెట్టుకోవద్దు. చాప అంచుకు తగిలితే వేలు మెలిపడుతుంది, వాచిందంటే మెట్టె తీయడానికి కోయాల్సి వస్తుంది.

గీ లోపల ఆడవాళ్ళు గుండ్రటి మెడ ఉన్న తెల్ల టీ షర్ట్ వేసుకుంటారు. కాస్త బిగువుగా, పాంటులోకి దోపుకునేంత పొడవుగా ఉండాలి. వదులుగా ఉంటే నేల పట్టుల్లో పైకి వచ్చేస్తుంది. తీగ లేని స్పోర్ట్స్ బ్రా వేసుకోవాలి. జడ ఒక్కటిగా గట్టిగా అల్లి, కొస మెత్తటి రబ్బరు బ్యాండుతో కట్టి, ముడిలా చుట్టకుండా వదిలేయాలి. తల వెనక ముడి ఉంటే వెనక్కి పడినప్పుడు తల ముందుకు తన్నినట్టవుతుంది, పడుకునే పట్టుల్లో నొప్పి. పిన్నులు, క్లిప్పులు అసలొద్దు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: క్లాసుకు ముందు రోజు రాత్రి తలకు నూనె పెట్టుకుంటే పొద్దునకల్లా కాలర్‌కు అంటుతుంది, చాప జారుతుంది. నూనె పెట్టుకునేది క్లాసు లేని రోజుకు మార్చుకోమనండి. పాదాలకు పసుపు రాసుకున్న రోజు కూడా ఇంతే. చాప మీద మరకలు పడతాయి, తెల్ల గీకి అంటితే సబ్బు తగలగానే మరక ఎర్రగా మారుతుంది. కంగారుపడి బ్లీచ్ పోయనక్కర్లేదు. సబ్బు పూర్తిగా పోయేలా జాడించి ఎండలో రెండు మూడు రోజులు వేస్తే పసుపు వెలిసిపోతుంది. నెలసరి రోజుల్లో రావాలా వద్దా అన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. వస్తే ఆ రోజు గీ పాంటు కింద నల్ల షార్ట్ వేసుకుంటే నిశ్చింతగా ఉంటుంది.

మెట్టెలు ఏళ్ళ తరబడి తీయకపోయి ఉంటే చేరే రోజు పొద్దున లాగకండి. ముందు రోజు సాయంత్రం కాలు పది నిమిషాలు ఎత్తులో పెట్టి, చన్నీళ్ళు పోసి, సబ్బు నురగ పట్టించి, తిప్పుతూ తీయమనండి.